గూడబాతు (పెలికాన్) ముక్కు కింది సంచిలో చేపలు దాచుకుంటుందా?

దాచుకోదు. ఆ సంచి చేపల్ని పట్టే వల, అంతే. పొలానికి నీళ్లు తోడే బుట్టను మన పల్లెల్లో గూడ అంటారు. ఈ పక్షి ముక్కు చేసే పని కూడా నీళ్లతో సహా తోడెయ్యడమే.

ముక్కు కింది భాగంలో రెండు సన్నని ఎముకలుంటాయి. వాటి మధ్య సాగే చర్మమే సంచి. ముక్కును నీళ్లలో ముంచగానే ఆ ఎముకలు విల్లులా పక్కలకు వంగుతాయి, సంచి బుట్టలా తెరుచుకుంటుంది. అమెరికాలో ఉండే గోధుమరంగు గూడబాతు సంచిలో దాదాపు 10 లీటర్ల నీళ్లు పడతాయి, అంటే ఒక చిన్న బకెట్ నిండా!

అన్ని నీళ్లతో ఎగరడం కష్టం కదా. అందుకే ముక్కును కిందికి వంచి, సంచిని రొమ్ముకు నొక్కి నీళ్లన్నీ వదిలేస్తుంది. తొందరపడి ముక్కు బాగా తెరిస్తే చేప జారిపోతుంది. నీళ్లు పోయాక తల పైకెత్తి గుటుక్కున మింగేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రంలో గూళ్లు కట్టే గూడబాతులు పులికాట్ సరస్సు నుంచి చేపలు తెచ్చేది కడుపులోనే. గూటికి చేరాక వాటిని కక్కితే, పిల్లలు అమ్మ సంచిలో తల దూర్చి తింటాయి. ఎండాకాలంలో గూడబాతు ఈ సంచినే టపటపా ఆడించి ఒళ్లు చల్లబరుచుకుంటుంది.

సంచి పల్చటిది. నీళ్లలో వదిలేసిన గాలపు ముల్లు గుచ్చుకుంటే చిరుగుతుంది. చిరుగు పెద్దదైతే అందులోంచి చేపలు జారిపోతాయి, పాపం పక్షికి ఆకలే మిగులుతుంది.