కీ లేకుండా గాలిలో రహస్యం పంపవచ్చా?

ప్రశ్న: తిరుపతి ఆర్టీసీ బస్టాండులో నా ఫోన్ సిగ్నల్ పక్క బెంచీ మీదున్నవాడికీ అందుతుంది కదా. ఎన్‌క్రిప్షన్ కీ లేకుండా రహస్యం ఎంతవరకు సాధ్యం?

సాధ్యమే, కానీ చాటుగా వినేవాడికి అందే సిగ్నల్ అసలు గ్రహీతకు అందేదానికన్నా నాసిగా ఉండాలి. 1949లో సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన గణితజ్ఞుడు క్లాడ్ షానన్ చూపించింది ఏమిటంటే, పంపిన సంకేతం వినేవాడికి యథాతథంగా చిక్కితే, సంపూర్ణ రహస్యానికి సందేశమంత పొడవైన కీ కావాలి. 1975లో అదే రంగానికి చెందిన ఆరన్ వైనర్ నాయిస్‌ని, అంటే దారిలో సిగ్నల్‌ని చెడగొట్టే గోలని, లెక్కలోకి తెచ్చాడు. ఒక్కో సందేశానికి చాలా కోడ్‌వర్డులు (గాలిలో పంపే బిట్ల వరుసలు) కేటాయించి, వాటిలో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచి పంపాలి. ఆ యాదృచ్ఛికతే వినేవాడి చానల్ సామర్థ్యాన్నంతా (అతని సిగ్నల్ దారి తప్పుల్లేకుండా మోయగలిగే గరిష్ఠ సమాచారాన్ని) తినేస్తుంది, అసలు సందేశం వాడికి దక్కదు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ఆలోచన ఇదే.

గాసియన్ చానల్లో, అంటే సిగ్నల్‌కి యాదృచ్ఛిక నాయిస్ కలిసే మామూలు నమూనాలో, రహస్యానికి హద్దు గ్రహీత, వినేవాడి చానళ్ళ సామర్థ్యాల తేడా. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి గ్రహీతకు 15, వాడికి 3 అనుకోండి. సామర్థ్యాలు సెకనుకు, ఒక్కో హెర్ట్జ్‌కు 4, 2 బిట్లు. రహస్యంగా వెళ్ళేది 2. పవర్ పెంచితే వాడికీ బాగా వినిపిస్తుంది, అందుకే ఎంత పెంచినా ఇది సుమారు 2.32 దాటదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మీ పక్క బెంచీవాడి సిగ్నల్ మెరుగ్గా ఉంటే ఈ పద్ధతిలో దక్కేది సున్నా. అయితే ఫేడింగ్ వల్ల, అంటే సిగ్నల్ బలం క్షణక్షణం హెచ్చుతగ్గులవడం వల్ల, సిగ్నల్ మారుతూ ఉంటుంది, గ్రహీతది మెరుగైన క్షణాల్లోనే పంపవచ్చు. యాంటెన్నాలు ఎక్కువుంటే గ్రహీతకు తగలకుండా మిగతా దిక్కులకు కృత్రిమ నాయిస్ వదలవచ్చు. కానీ వాడి చానల్ ఎలా ఉందో మీకు తెలియదు కాబట్టి, బ్యాంకు పనులకు మాత్రం ఎన్‌క్రిప్షన్ వదలకండి.