కమిటీలో కూర్చునే ముందు

సీతమ్మధార,
విశాఖపట్నం

చిరంజీవి లలితకు,

నిన్ను మీ కంపెనీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీకి అధ్యక్షురాలిని చేశారనీ, వెంటనే ఒక ఫిర్యాదు వచ్చిపడిందనీ అక్క చెప్పింది. ఎవరు, ఏమిటని నేను అడగను, నువ్వూ చెప్పకు. మీ అమ్మకు ఆ మాత్రం చెప్పడం కూడా ఎక్కువే.

ముందు సీసీటీవీ సంగతి చూడు. కొన్నాళ్లకు పాత రికార్డింగు చెరిగిపోతుంది. దాన్నీ, హాజరు వివరాలనూ, బస్సు ట్రిప్ షీట్లనూ భద్రపరచమని ఈ రోజే కాగితం పెట్టు. గాజువాక నుంచి వచ్చే కంపెనీ బస్సులో జరిగినా అది పనిచేసే చోటే. "గేటు బయట జరిగినదానితో మాకేం పని" అనేవాళ్లుంటే పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం చూపించు.

ఫిర్యాదు నకలు ఏడు పనిదినాల్లో, అది ఎవరి మీద వచ్చిందో అతనికి అందాలి. జవాబుకు పది పనిదినాలు ఇవ్వాలి. ఇది అతని మీద జాలి కాదు. గోవా విశ్వవిద్యాలయం కేసులో విచారణ హడావిడిగా ముగించి, ఆరోపణ ఎదుర్కొన్నవాడికి తన వాదన చెప్పుకునే వీలు సరిగ్గా ఇవ్వలేదని 2023లో సుప్రీంకోర్టు శిక్ష రద్దుచేసి, వ్యవహారాన్ని మళ్లీ కమిటీకే పంపింది. ఆ ఫిర్యాదులు 2009 నాటివి! తొందరపాటుకు నష్టపోయింది ఎవరో నువ్వే చూడు.

ఇక ఎవరి మాట నమ్మాలన్నది. "ఆ పిల్ల కళ్లలో నీళ్లే లేవు" అంటాడొకాయన. "ఆయన అలాంటివాడు కాదమ్మా, మా ఇంటికి వస్తూపోతూ ఉంటాడు" అంటుంది ఇంకొకావిడ. ఆ సాయంత్రం ఏం జరిగిందో ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. ఫిర్యాదు చేసినామె అప్పుడే ఎవరికైనా చెప్పుకుందా, మెసేజ్ పెట్టిందా, సీటు మార్చమని అడిగిందా చూడు. తేదీ ఒక రోజు అటూ ఇటూ అయిందని మొత్తం కొట్టేయకు, షిఫ్టులు మారేవాళ్లకు అది మామూలే. అసలు విషయంలో మాట మారిందా అన్నదే ముఖ్యం. అదే జల్లెడలో అతని జవాబునూ పొయ్యి. క్రిమినల్ కోర్టులో లాగా సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో తేల్చితే చాలు.

సాక్షులను విడివిడిగా పిలువు. ఆమె బట్టల గురించి, పెళ్లి గురించి ప్రశ్న వస్తే అక్కడే ఆపెయ్. విచారణ సాగుతుండగా ఆమె రాసి అడిగితే బదిలీకి సిఫారసు చేయొచ్చు. మనవాళ్లు వెంటనే ఆమెనే కదిలిస్తారు. చట్టం మాత్రం అతన్నీ కదిలించొచ్చంది.

చివరికి రుజువు కాకపోతే "రుజువు కాలేదు" అనే రాయి. "తప్పుడు ఫిర్యాదు" అని రాయకు. కావాలనే అబద్ధమాడిందనడానికి విడిగా విచారణ జరిపి తేల్చాలి, ఆధారం చూపలేకపోవడం ఒక్కటే చాలదని చట్టంలోనే ఉంది. నా అనుభవంలో మేనేజ్‌మెంట్లు ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడే, లొంగకు.

తొంభై రోజుల్లో విచారణ పూర్తవ్వాలి కాబట్టి కమిటీలో ఉండే బయటి సంస్థ సభ్యురాలి తేదీలు ఇప్పుడే పట్టుకో. వాంగ్మూలం ప్రతి పేజీ మీదా సంతకం పెట్టించు.

మీ పిన్ని