తమ్ముడి జబ్బు, అక్క చదువు: స్టెమ్ సెల్ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. పుట్టుకతోనే ఎపిడెర్మోలైసిస్ బులోసా, అందులోనూ రిసెసివ్ డిస్ట్రోఫిక్ రకం. చిన్న రాపిడికే బొబ్బలెక్కి చర్మం ఊడిపోతుంది. పన్నెండో తరగతి పూర్తి చేసిన మా పెద్దమ్మాయి ‘తమ్ముడి కణాలనే స్టెమ్ సెల్స్‌గా మార్చి, జన్యువు సరిచేసి, కొత్త చర్మం పెంచుతాను’ అంటోంది. స్టెమ్ సెల్, జీన్ ఎడిటింగ్ పేర్లతో ఉన్న డిగ్రీలో చేర్చమంటారా, మెడిసిన్‌కు పంపమంటారా? ఏ దారిలో త్వరగా ఫలితం ఉంటుంది? - ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, బరువంతా ‘త్వరగా’ అన్న మాట మీద ఉంది. ఇంట్లో జన్యు వ్యాధి ఉన్న బిడ్డను పెట్టుకుని రాసే తల్లిదండ్రులు దాదాపు అందరూ అడిగేది ఇదే. ముందు దానికే జవాబు చెప్తాను. మీ బాబు వైద్యం మీ అమ్మాయి డిగ్రీ కోసం ఆగి లేదు.

2023 మేలో అమెరికాలో వైజువెక్ అనే జెల్‌కు అనుమతి వచ్చింది. మన శరీరంలో పెరగకుండా మార్చిన హెర్పిస్ వైరస్‌లో ఈ జబ్బులో చెడిపోయిన కొలాజెన్ 7 జన్యువును (చర్మం పొరల్ని కలిపి ఉంచే ప్రొటీన్‌ది) పెట్టి, వారానికోసారి పుండ్ల మీద చుక్కలుగా వేస్తారు. 2025 ఏప్రిల్‌లో జెవాస్కిన్ వచ్చింది. రోగి చర్మ కణాల్నే తీసి, అదే జన్యువును చేర్చి, పలుచటి పొరలుగా పెంచి పుండ్లకు అతుకుతారు. రెండూ పుండ్లకే. అన్నవాహిక ఇరుకవడం లాంటి లోపలి ఇబ్బందులు వీటితో పోవు. మీ చర్మ వైద్యుడి దగ్గర ఈ రెండు పేర్లూ ఎత్తి మాట్లాడండి. ఎప్పటికీ మానని పుండు ఉంటే క్యాన్సర్ పరీక్ష వాయిదా వేయకండి.

ఇక్కడో సంగతి గమనించండి. ఈ రెండింటిలోనూ రీప్రోగ్రామ్ చేసిన (మామూలు కణాల్ని వెనక్కి తిప్పి తయారుచేసిన) స్టెమ్ సెల్స్ లేవు, జన్యువును కోసి దిద్దే క్రిస్పర్ పద్ధతీ లేదు. 2015లో జర్మనీలోని బోకుమ్‌లో ఏడేళ్ల బాలుడికి దాదాపు 80 శాతం పైచర్మం కొత్తగా అతికినప్పుడు కూడా లేవు. ఆ బాబుది ఇదే జబ్బులో జంక్షనల్ అనే మరో రకం. ఇటలీలోని మోడెనాలో మికేలే డె లూకా బృందం ఆ పిల్లవాడి చర్మ కణాల్నే, మంచి జన్యువును మోసుకొచ్చే రెట్రోవైరస్‌తో సరిచేసి పెంచింది. కోర్సుల ప్రకటనల్లో మెరిసే మాటలు వేరు, రోగి ఒంటి మీదికి చేరినవి వేరు. పేరులోనే ‘జీన్ ఎడిటింగ్’ ఉన్న మూడేళ్ల డిగ్రీలంటే నాకు అనుమానం అందుకే. అక్కడ నేర్పే పద్ధతి పదేళ్లలో పాతబడవచ్చు. కణ జీవశాస్త్రం, జన్యుశాస్త్రం, స్టాటిస్టిక్స్ పాతబడవు.

అలాగని మీ అమ్మాయి ఆలోచన తప్పు కాదు. ఏళ్ల తరబడి పుండ్లు పడి మానిన చర్మంలో మంచి మూలకణాలు అరిగిపోతాయి. జపాన్ శాస్త్రవేత్త యమనాక 2006లో ఎలుక కణాల్లో, 2007లో మనిషి కణాల్లో చూపించిన పద్ధతితో ఫైబ్రోబ్లాస్ట్‌లను (చర్మం లోపలి పొరలోని కణాలను) వెనక్కి తిప్పితే, ఎంత కావాలంటే అంత పెరిగే కణాలు దొరుకుతాయి. ఒక్క కణాన్ని సరిచేసి, దాని సంతతిని మాత్రమే పెంచి, పూర్తిగా పరీక్షించే వీలుంటుంది. పైగా కొలాజెన్ 7 సమాచారం దాదాపు 9,000 డీఎన్‌ఏ అక్షరాలు. జన్యు చికిత్సలో ఎక్కువగా వాడే ఏఏవీ వైరస్‌లో పట్టేది 4,700 దాకానే. మొత్తం జన్యువును మోసుకెళ్లే బదులు ఉన్నచోటే తప్పు దిద్దడం మంచిదనడానికి అదొక కారణం.

కానీ రోజువారీ పని ఎలా ఉంటుందో ఆమెకు ఎవరైనా చెప్పారా? రీప్రోగ్రామ్ చేశాక కాలనీలు కనబడటానికి మూడు నాలుగు వారాలు. తర్వాత దాదాపు ప్రతిరోజూ, పండగైనా సెలవైనా, మీడియం (కణాలకు పోషణనిచ్చే ద్రవం) మార్చాలి. నాలుగైదు రోజులకోసారి కణాల్ని విడదీసి కొత్త ప్లేట్లలో వేయాలి. ఒంటరి కణాలు చచ్చిపోతాయి కనుక మొదటి రోజు వాటిని బతికించే రాక్ ఇన్హిబిటర్ అనే మందును 10 మైక్రోమోలార్ మోతాదులో కలపాలి. క్రిస్పర్‌లో కత్తెరలా పనిచేసే క్యాస్9తో కోసి పక్కన సరైన డీఎన్‌ఏ ముక్క పెట్టినా, చాలా కణాలు దాన్ని చూసి దిద్దుకోకుండా తెగిన కొసల్ని ఎలాగో ఒకలా అతికించేసుకుంటాయి. అందుకే 96 గుంటల ప్లేట్లు నింపి ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపు (క్లోన్) ప్రతిదానికీ డీఎన్‌ఏ అక్షరాల వరుస చూడాలి.

అన్నిటికంటే మోసం చేసేది బాగా పెరిగే ప్లేటు. 20వ క్రోమోజోమ్ పొడవు భుజంలో ఒక చిన్న భాగం రెట్టింపైన కణాలు చావును తట్టుకుంటాయి, పక్కవాటిని దాటి ప్లేటంతా ఆక్రమిస్తాయి. క్రోమోజోమ్‌లను మైక్రోస్కోప్‌లో చూసే మామూలు కేరియోటైప్ పరీక్షకు ఆ మార్పు చాలాసార్లు అందదు, విడిగా వెతకాలి. దొరికితే నెలల పని పారేయాలి. ఆ తర్వాత రెటినోయిక్ ఆమ్లం, బీఎంపీ4 అనే సంకేత పదార్థాలు ఇచ్చి చర్మ కణాలుగా మార్చేటప్పుడు మారకుండా మిగిలినవి అతుకులో చేరితే కణితి లేచే ప్రమాదం. జపాన్‌లో ఇలాంటి కణాలతో జరిగిన కంటి చికిత్సలో రెండో రోగి కణాల్లో జన్యు మార్పులు కనబడ్డాయని 2015లో ప్రయోగం నిలిపేశారు. ముచ్చటగా పెరిగిన ప్లేటును అనుమానించి పారేయగలిగిన మనిషే ఈ రంగానికి కావాలి.

ఇప్పుడు కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. తమ్ముణ్ణి బాగుచేసే బాధ్యత పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల మీద పెట్టే హక్కు మీకు లేదు. ‘నేనేం పెట్టలేదు, తనే అంటోంది’ అంటారేమో. మరి ‘త్వరగా’ అన్నది ఆమా, మీరా? రేపు ఒక ప్రయోగం విఫలమైతే అందరికీ అది చెడిపోయిన ప్లేటు, ఆమెకు మాత్రం తమ్ముడి పట్ల చేసిన ద్రోహంలా తోస్తుంది. ‘నువ్వు ఏం చదివినా వాడి వైద్యం మేం చూసుకుంటాం’ అని ఆమె ముందు కూర్చుని స్పష్టంగా చెప్పండి. అలాగే, ఆమె ఈ జన్యు మార్పు మోస్తుండే అవకాశం మూడింట రెండు వంతులు. మోస్తున్నా ఆమె ఆరోగ్యానికి ముప్పు లేదు. పరీక్ష చేయించుకోవాలా, ఎప్పుడు అన్నది ఆమె ఇష్టం. జెనెటిక్ కౌన్సెలర్‌తో ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి.

ఇక కోర్సులు. రోగుల మధ్య ఉండటం, కట్లు మార్చేటప్పటి ఏడుపు తట్టుకోవడం తనవల్ల అవుతుందంటే మెడిసిన్, ఆపై చర్మ వైద్యం. ట్రయల్స్ నడిపేది వాళ్లే. కణాలతోనే ఉండాలంటే జీవశాస్త్ర డిగ్రీ, పీజీ, ఐదారేళ్ల పీహెచ్‌డీ, తర్వాత తాత్కాలిక పరిశోధక ఉద్యోగాలు. మూడో దారిని ఎవరూ తలవరు: రోగికిచ్చే కణాలను శుద్ధమైన గదుల్లో తయారుచేయడం, వాటి నాణ్యత పరీక్షించడం. దానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. మొదటి ఏడాది కోర్సు తప్పుగా ఎంచుకున్నా కొంపేం మునగదు. జీవశాస్త్రం నుంచి ఈ మూడో దారిలోకి, మెడిసిన్ నుంచి పరిశోధనలోకి తర్వాత కూడా మళ్లవచ్చు.

ఈ సెలవుల్లో ఆమెకు ఒక పని ఇవ్వండి. క్లిన్‌వార్ అనే ఉచిత డేటాబేస్‌లో సీఓఎల్7ఏ1 (అదే కొలాజెన్ 7) జన్యువు తెరిచి, మీ బాబుది కాని ఒక మార్పును ఎంచుకోమనండి. జన్యువులోని 118 ఎగ్జాన్లలో (ప్రొటీన్ సమాచారం ఉండే ముక్కల్లో) అది ఎక్కడుందో, ప్రొటీన్ మధ్యలో ఆగిపోతుందో లేదో చూడాలి. ఆ పక్కనే ఎన్‌జీజీ అక్షరాలు (ఏదో ఒక అక్షరం, తర్వాత రెండు జీలు) వెతికి, వాటి ముందున్న 20 అక్షరాలతో, క్యాస్9ను సరైన చోటికి తీసుకెళ్లే గైడ్ ఆర్‌ఎన్‌ఏ రాయాలి. ఆ గైడ్ జీనోమ్‌లో ఇంకెక్కడ పొరపాటున అతుక్కుంటుందో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. నాలుగైదు రోజుల పని. ఎవరో తెలియని రోగి జన్యువు మీద కూడా అదే ఆసక్తితో కూర్చుంటే సైన్సు వైపు నిశ్చింతగా పంపండి. కూర్చోలేకపోతే ఆమెకు కావలసింది తమ్ముడి క్షేమం, ఈ రంగం కాదు. అప్పుడు తనకు నచ్చిన ఇంకే చదువైనా చదవనివ్వండి.