బానిసత్వంపై పోరాడినవాళ్లు తాగుడు మీద కూడా ఎందుకు పోరాడారు?

అమెరికాలో బానిసత్వాన్ని ఎదిరించినవాళ్లలో అంతమంది మద్య నిషేధం కోసం కూడా ఎందుకు తిరిగారని ఒకరు అడిగారు. చర్చిల ప్రభావం అని చాలామంది చెబుతారు, అదీ నిజమే. నాకు మాత్రం అసలు జవాబు, బానిసత్వం నుంచి తప్పించుకుని దానిపై పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చువేసిన ఆత్మకథలో దొరికింది.

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఆయన బానిసగా ఉన్నప్పుడు క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవులు. ఆ రోజుల్లో తాగమని యజమానులే ఎగదోసేవారు. మత్తెక్కకుండా ఎవడు ఎక్కువ విస్కీ తాగుతాడో చూద్దామని తమ బానిసల మీద పందేలు కాసేవారు. పండగపూట తాగనివాడికి చిన్నతనం. సెలవులు ముగిసేసరికి ఒళ్లు హూనమై, స్వేచ్ఛంటే ఇదే అయితే పొలంపనే నయం అనిపించేది. యజమానికి కావలసిందీ అదే.

ఆ పేజీలు చదువుతుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. కృష్ణా జిల్లాలో ఒక కామందు దగ్గర పాలేరు. సారాకి డబ్బులంటే కామందు అప్పటికప్పుడు ఇచ్చేవాడట. మా నాన్న బడి పుస్తకాలకి అడిగితే "చూద్దాంలే" అనేవాడు. ఇచ్చిందంతా ఖాతాలోకి ఎక్కేది. ఏడాది తిరిగేసరికి జీతం ధాన్యం పోను ఇంకా బాకీ, మళ్లీ అక్కడే పాలేరుతనం. మనుషుల్ని సంతలో అమ్మిన అమెరికా బానిసత్వం, ఇదీ ఒకటని నేను అనను. సారా చేసిన పని మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఈ రెండు పోరాటాల్లోనూ చాలామంది మనుషులూ వాళ్లే. 1831లో బానిసత్వాన్ని ఎదిరించే 'లిబరేటర్' పత్రిక పెట్టిన గారిసన్, అంతకుముందు 1828లో బోస్టన్‌లో మద్యవ్యతిరేక పత్రికకు ఎడిటర్. ఆయన చిన్నప్పుడే తాగుడుకి అలవాటుపడిన తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తర్వాత ఆడవాళ్ల ఓటుహక్కు కోసం పోరాడిన సూజన్ ఆంథొనీ మొదటి ఉపన్యాసం 1849లో తాగుడు మీదే, 1856 నాటికి బానిసత్వ వ్యతిరేక సంఘానికి పనిచేస్తోంది.

అయితే ఈ రెండు పోరాటాల జోడీ అన్నివేళలా ఫలించలేదు. 1842 ఆగస్టు 1న ఫిలడెల్ఫియాలో నల్లజాతివాళ్లు మద్యపానానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. బ్రిటిష్ పాలనలోని వెస్టిండీస్ దీవుల్లో 1834లో బానిసత్వం రద్దయిన తేదీ అది. అల్లరిమూకలు వాళ్లపై పడి కొట్టాయి, చర్చిని తగలబెట్టాయి. తాగకుండా పద్ధతిగా ఉంటే గౌరవిస్తారని నమ్మినవాళ్లకి దక్కింది అదీ.

నన్ను ఎక్కువ బాధపెట్టింది, జనం చేత తాగమని ప్రమాణం చేయించే ఐర్లండ్ కాథలిక్ మతగురువు ఫాదర్ మాథ్యూ సంగతి. 1845లో ఐర్లండ్‌లో డగ్లస్ తాగనని ప్రమాణం చేసింది ఆయన ముందే. అమెరికాలోని ఐరిష్‌వాళ్లు బానిసత్వాన్ని ఎదిరించాలని 1842 నాటి విజ్ఞప్తిలో ఆయన సంతకం కూడా ఉంది. తీరా 1849లో అమెరికా వచ్చాక, బానిసత్వ వ్యతిరేక పోరాటానికి గారిసన్ వెళ్లి పిలిస్తే, తాగుడు నుంచి మనుషుల్ని విడిపించడంతోనే తనకు సరిపోతోందని తప్పుకున్నాడు.

మా నాయనమ్మ అలా సరిపెట్టుకోలేదు. తాతయ్య చేత సారా మాన్పించిన ఏడాదే, మా నాన్నను వెంటబెట్టుకుని కామందు అరుగు దగ్గరకెళ్లి, ఆ ఖాతా పుస్తకం పిల్లాడి చేత ఒక్కొక్క పద్దూ పైకి చదివించింది.