ఐ5-9400 ప్రాసెసర్‌కి డీడీఆర్5 ర్యామ్ పట్టదండి

పెళ్లి ఆల్బమ్‌లు చేస్తుంటే ఫొటోషాప్ నత్తనడక నడుస్తోందని, గవర్నర్‌పేట షాపులో డీడీఆర్5 వేయించుకోమన్నారని రాశారు. వేయించకండి. మీ ఐ5-9400 ప్రాసెసర్, హెచ్310 మదర్‌బోర్డుకి పాత తరం డీడీఆర్4 ర్యామ్ మాత్రమే. రెండింటికీ 288 పిన్నులే ఉన్నా మధ్యలో గాడి చోటు వేరు. బలవంతంగా నొక్కితే స్లాటే పోతుంది.

3200 స్పీడ్ ర్యామ్ స్టిక్ కొన్నా మీ సిస్టమ్‌లో 2666 దగ్గరే నడుస్తుంది, కాబట్టి స్పీడ్ కోసం ఎక్కువ పెట్టడం దండగ. ఉన్న 8 జీబీకి ఇంకో 8 వేస్తే డ్యూయల్ ఛానెల్ వస్తుంది, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసి వేగం పెరుగుతుంది. మీ పనికి నేనైతే 8 బదులు 16 జీబీ స్టిక్కే వేస్తాను. మొత్తం 24లో 16 జీబీ వరకూ డ్యూయల్ ఛానెల్‌లోనే ఉంటుంది.

సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ర్యామ్ వివరాలు చూపే ఎస్‌పీడీ ట్యాబ్ తెరిచి పాత స్టిక్ వివరాలు ఫొటో తీసుకెళ్లండి. పొట్టిగా ఉండే ల్యాప్‌టాప్ ర్యామ్ అంటగడితే మాత్రం తీసుకోవద్దు. బిగించే ముందు పవర్ కేబుల్ పీకేయండి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి.