‘వెరోనికా’: రెండోసారి ఓయిజా పెట్టినా పీడ ఎందుకు వదల్లేదు?

మీరడిగినవి రెండు. పాకో ప్లాసా తీసిన స్పానిష్ హారర్ సినిమా ‘వెరోనికా’ (2017)లో, ఓయిజా బోర్డు (ఆత్మలతో మాట్లాడేందుకు వాడే అక్షరాల పలక) పెట్టినప్పుడు వెరోనికా అనే అమ్మాయి వెంటపడ్డ దుష్టశక్తి, ఆమె రెండోసారి బోర్డు పెట్టినా ఎందుకు పోలేదు? ఇదంతా నిజంగా జరిగిందేనా? ముగింపు చెప్పేస్తున్నాను, సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.

మొదటిదానికి జవాబు తమ్ముడి గీతల్లో ఉంది. రక్షణ గుర్తులు గీయమని వెరోనికా తన తమ్ముడు ఆంతోన్యీతోకి పుస్తకం తెరిచి ఇస్తుంది. పేజీ మారిపోయి, వాడు శక్తిని రప్పించే గుర్తులు గీసేస్తాడు. పైగా మొదటిసారి కూర్చున్న స్నేహితురాళ్లు ఈసారి లేరు, వీడ్కోలు చెప్పమంటే ఆ శక్తి చెప్పదు. ఆ తర్వాత అద్దం సీన్ మళ్లీ చూడండి. తమ్ముణ్ని ఎత్తుకుని బయటికొచ్చాననుకుంటుంది, చేతుల్లో వాడు లేడు. అప్పటిదాకా తమ్ముణ్ని, చెల్లెళ్లని బాధపెట్టింది తనలో చేరిన ఆ శక్తే, అదీ తన చేతులతోనే. ఇది పట్టుకుంటే ముందు సీన్లన్నీ వేరేగా కనిపిస్తాయి.

ఇక నిజం సంగతి. సినిమాకి ఆధారమైన అమ్మాయి మాడ్రిడ్‌లోని వయ్యేకాస్ ప్రాంతానిది, ఆమె 1991 ఆగస్టులో చనిపోయింది. ఆమె కుటుంబం ఇంట్లో వింతలు చూశామని పోలీసులు రాసిన నివేదిక మాత్రం 1992 నవంబరుది. సినిమా ఈ రెంటినీ ఒకే రాత్రికి కుదించింది, అందుకే చావుకే పోలీసులు సాక్షులన్నట్టు అనిపిస్తుంది. సినిమాలో మొదటి ఓయిజా వేళ పట్టే సూర్యగ్రహణం పూర్తిగా కల్పితం: కథ జరిగే 1991 జూన్‌లో సూర్యగ్రహణమే లేదు, జులై 11 నాటిది హవాయి, మెక్సికో వైపు కనిపించింది.

సినిమాలో వెరోనికా బడిలో కనిపించే గుడ్డి సన్యాసిని కథ కావాలంటే 2023లో వచ్చిన ‘ఎర్మానా మువెర్తే’ చూడండి. అది దీనికి ముందు కథ.