కాజీపేటలో ఉంటున్న బిడ్డకు, మౌన ప్రార్థన గురించి

పరకాల

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. ప్రార్థన అంటే దేవునికి లిస్టు చదివినట్టే అయిపోయింది, ఊరికే ఆయన సన్నిధిలో కూర్చోవడం ఎట్ల పెద్దమ్మా అని అడిగినవు. నర్సు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, స్టేషన్ పక్కన రెండు గదుల ఇల్లు. ఇవన్నీ ఉండంగనే ఎట్ల చెయ్యాల్నో రాస్తున్న. ఇవి సర్దుకున్నంక మొదలుపెడదాం అనుకోకు, అవి సర్దుకునేవి కావు.

ముందు ఆ భయం సంగతి. నోరు తెరవకుండ కూర్చుంటే అది ప్రార్థన కాదు, వేరేవాళ్ల ధ్యానం అని మీ సంఘంలో ఎవరో అన్నరని రాసినవు. మొదటి సమూయేలు మొదటి అధ్యాయం తీసి చూడు. హన్నా మనసులోనే ప్రార్థన చేస్తుంటే పెదవులు కదిలినయి గాని గొంతు వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉన్నదనుకున్నడు. అంటే మౌన ప్రార్థనను పొరపాటుగా అర్థం చేసుకోవడం ఇయ్యాల మొదలైంది కాదు. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అనేది 46వ కీర్తన. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో సన్యాసులు చిన్న వాక్యం ఒక్కటి పట్టుకొని చాపలు, బుట్టలు అల్లుకుంట ప్రార్థించేటోళ్లు. మన తెలుగు నేల మీద ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిలు మిషనులో సన్నిధి, కనిపెట్టడం (అంటే దేవుని కోసం ఎదురుచూసుకుంట ఉండడం) అనేవి రోజూ వాడే మాటలు. కతోలికులు దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన రొట్టె ముందట గంటసేపు మాట లేకుండ కూర్చుంటరు. కాబట్టి నువ్వు కొత్త తొవ్వ ఏమీ పట్టడం లేదు. పెద్దగ చేసే ప్రార్థనను, కూడికలను, ఉపవాస ప్రార్థనను వదలాల్సిన పని కూడ లేదు. వాటి పక్కన ఇది ఒకటి చేరుతది, అంతే.

మనసును ఖాళీ చేసుకోవడం దీని ఉద్దేశం కాదు. మనసు ఖాళీ కాదు, చెయ్యాలని చూస్తే తలనొప్పి వస్తది. 131వ కీర్తనలో చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం ఉన్నదంటడు దావీదు. పాలు తాగే పిల్ల తల్లి ఒళ్లోకి వస్తే పాల కోసమే వస్తది. పాలు విడిచిన పిల్ల తల్లి కోసం వస్తది. నీకు కావాల్సినవి కాసేపు పక్కన పెట్టి, "ప్రభువా, నువ్వున్నవు, నేనున్న" అని ఒప్పుకొని కూర్చోవడమే మొత్తం పని. ఆ కీర్తన మూడే వచనాలు, నోటికి నేర్చుకో.

ఇగ పద్ధతి. మొదట పది నిమిషాలు చాలు. నెలరోజులు పది నిమిషాలు నిలబడితే పదిహేను, తర్వాత ఇరవై. ఇరవై దాటించే తొందర పెట్టుకోకు. మొదటి వారమే గంట కూర్చునేటోళ్లు మూడో వారం మానేస్తరు. గడియారం టైము కాకుండ ఒక పనికి జత చెయ్యి: స్నానం అయినంక, చాయ్ తాగకముందు. నీ షిఫ్టులు మారుతుంటయి కాబట్టి ఐదు గంటలకు అని పెట్టుకుంటే నిలబడదు, స్నానం మాత్రం ఎట్లనైనా చేస్తవు కద. నైట్ డ్యూటీ చేసి వచ్చినంక కూర్చోకు, నిద్రే వస్తది, ఆ నిద్ర నీ ఒంటికి కావాలె. ఆ వారం డ్యూటీకి బయలుదేరే ముందు కూర్చో.

ఫోను ఇంకో గదిలో పెట్టు. టైము చూసేదానికి అదే కావాలంటే ఫ్లైట్ మోడ్ పెట్టి, మెత్తటి శబ్దంతో టైమర్ పెట్టి, తెర కిందికి బోర్లించి పెట్టు. ఎంతయ్యిందో అని మధ్యలో ఒక్కసారి చూస్తే ఇగ చూస్తనే ఉంటవు.

మోకాళ్ల మీద పది నిమిషాల మౌనం కష్టం, నొప్పి మీదికే మనసు పోతది. కింద కూర్చుంటే గోడకు వీపు ఆనించు. ఒక చెద్దరు నాలుగు మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకో, నాలుగు వేళ్ల ఎత్తు రావాలె. అప్పుడు మోకాళ్లు తుంటి కంటే కిందికి ఉంటయి, నడుము తనంతట తనే నిటారుగ నిలుస్తది, కాళ్లు తిమ్మిరెక్కుడు తగ్గుతది. కుర్చీ అయితే రెండు పాదాలు నేలకు ఆనాలె. మంచం మీద మాత్రం వద్దు. నిద్ర కమ్ముకొస్తే కళ్లు సగం తెరిచి ముందట నేలమీద ఒక చోట చూపు పెట్టు.

కూర్చున్నంక ఒక్క వచనం మెల్లగ రెండుసార్లు చదివి బైబిలు మూసెయ్యి. "ప్రభువా, నీ దాసురాలు ఆలకిస్తున్నది" అను. తర్వాత మాటలు ఆపు. ఒక చిన్న పిలుపు ముందే ఎంచుకొని ఉంచుకో: యేసయ్యా, తండ్రీ, ప్రభువా, ఏదో ఒక్కటి. దాన్ని గడగడ అనుకుంట పోవద్దు. మనసు ఎటో పోయిందని తెలిసినప్పుడు, ఒక్కసారి, లోపల్నే, మెల్లగ అను. అంటే వెనక్కి వచ్చినట్టు. ఆ పిలుపును కనీసం నెలరోజులు మార్చకు. ఇది పని చేస్తలేదు, ఇంకోటి పెడతా అని వెతుక్కోవడం కూడ పరధ్యానమే.

ఇక్కడ జర ఆగి చదువు, చాలామంది వదిలేసేది ఇక్కడనే. పది నిమిషాల్లో యాభై సార్లు మనసు పోతది. నాకు రాదు ఇది అనుకొని లేస్తరు. పోవడం నీ చేతిలో లేదు, తిరిగి రావడం నీ చేతిలో ఉన్నది. యాభై సార్లు పోయి యాభై సార్లు వచ్చినవంటే ఆయన వైపు యాభై సార్లు తిరిగినవు. ఆ తిరగడమే ప్రార్థన. తిరిగేటప్పుడు నిన్ను నువ్వు తిట్టుకోకు, ఎందుకంటే ఆ తిట్లు ఇంకో ఐదు నిమిషాలు మింగుతయి.

వచ్చే ఆలోచనలన్నీ ఒక తీరు ఉండవు. ఫీజు కట్టాలె, గ్యాస్ బుక్ చెయ్యాలె అనేవి తేలిక. కూర్చునే ముందే ఒక చీటీ మీద రాసి పక్కన పెడితే సగం ఆగిపోతయి. ఎవరో అన్న మాట గుచ్చుకొని లోపల జగడం నడుస్తుంటే, ఆ మనిషి పేరు ఒక్కసారి ప్రభువు ముందట పెట్టి పిలుపుకు రా, న్యాయం తీర్చుకుంట కూర్చోకు. అన్నింటికంటె జిత్తులమారివి భక్తి ఆలోచనలు. "ఈ వచనం మీద ఆదివారం సాక్ష్యం చెప్పొచ్చు" అని మొదలై మనసు ప్రసంగం తయారుచేస్తది. అది మంచిదే కద అని పట్టుకుంటవు. దాన్ని కూడ వదిలెయ్యి, అవసరమైంది తర్వాత మళ్లీ యాదికొస్తది. "అబ్బ, ఇయ్యాల ఎంత మంచిగున్నది" అనేది కూడ అసొంటిదే. కన్నీళ్లు వస్తే రానియ్యి, ఎందుకో అని తవ్వకు.

ఇంక శబ్దం. కాజీపేట జంక్షన్‌లో రైలు కూత ఆగదు, పెండ్లిళ్ల సీజన్‌లో బరాత్ డీజే ఆగదు, పక్కింటి టీవీ ఆగదు. చెవికి వినబడేది చెడగొట్టదు. ఈ మోతలో ఎట్ల కూర్చోవాలె అని లోపల నువ్వు చెప్పే జవాబే చెడగొడతది. కూత వచ్చింది, పోయింది, నువ్వు నీ పిలుపుకు రా. పిల్లలు లేస్తే మాత్రం లేచిపో, మిగతాది మరునాడు.

టైమర్ మోగంగనే దిగ్గున లేవకు. యేసు నేర్పిన పరలోక ప్రార్థన మామూలుగ చెప్పేదానికంటె సగం వేగంతో చెప్పి, రెండు నిమిషాలు ఆగి లే.

వారానికి రెండు రోజులు దీని బదులు వాక్యంతో కూర్చో. పన్నెండో శతాబ్దంలో గీగో అనే సన్యాసి దీనికి నాలుగు మెట్లు రాసిపెట్టిండు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఊరకే నిలిచి ఉండడం. ఆరేడు వచనాలు దాటొద్దు. మార్కు 10వ అధ్యాయం 46 నుంచి 52 వరకు గుడ్డివాడైన బర్తిమయి సంగతి, లూకా 10లో మార్త మరియల సంగతి మొదటికి మంచివి. పెదవులతో వినబడేట్టు చదువు. ఏ మాట దగ్గర ఆగాలనిపిస్తే అక్కడ ఆగు, అధ్యాయం పూర్తిచెయ్యాలన్న పట్టుదల వద్దు. "నీకు నేనేమి చెయ్యాలె" అని బర్తిమయిని యేసు అడిగిన ప్రశ్న ఒక్కటే నీకు వారమంత సరిపోవచ్చు.

పగటిపూట సంగతి నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తది. పదిహేడో శతాబ్దంలో పారిస్ మఠంలో లారెన్స్ అనే బ్రదర్ వంటగదిలో పనిచేసేటోడు. వంటగది గోలలో కూడ దేవుని సన్నిధిలో ఉండడం ఆయన నేర్చుకున్నడు. నీకు వార్డు ఉన్నది. ప్రతి పేషెంట్ దగ్గరికి పోయే ముందు చేతులు కడుగుతవు కద. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30. వేళ్ల సందుల్లో, బొటనవేలి చుట్టూ, గోళ్ల దగ్గర రుద్దుకుంట ఆ మంచం మీద ఉన్న మనిషి పేరు తీసి "ప్రభువా, కరుణించు" అని లోపల అను. కొత్తగ టైము తియ్యాల్సిన పని లేదు. ఇంజెక్షన్ డోసు లోడ్ చేసేటప్పుడు, డ్రిప్ చుక్కలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఏ ప్రార్థనా వద్దు. అప్పుడు ఆ లెక్క మీద పూర్తి ధ్యాస పెట్టడమే నువ్వు ఆయనకిచ్చేది.

ఇంట్లో బాసండ్లు తోమేటప్పుడు, ఆటోలో పోయేటప్పుడు తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలవాళ్ల పాత ప్రార్థన పట్టుకో: శ్వాస పీల్చేటప్పుడు "ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా", వదిలేటప్పుడు "పాపినైన నన్ను కరుణించుము". ఇది మాత్రం మళ్లీమళ్లీ అనేదే. శ్వాసను బలవంతంగ సాగదీయకు. తల తిరిగినట్టయితే శ్వాసను వదిలేసి మాట ఒక్కటే పెట్టుకో.

కొన్ని జాగ్రత్తలు. మౌనంలో "ఉద్యోగం మానెయ్యి, ఫలానా వాళ్లకు డబ్బులియ్యి" అని గట్టిగ తోచినా వెంటనే చెయ్యకు. వాక్యంతో చూసుకో, నీ భర్తతో మాట్లాడు, అనుభవమున్న ఒకరిని అడుగు, నెలరోజులు ఆగు. ఆయన మాటైతే నెల తర్వాత కూడ ఉంటది. మనిషి పోయిన దుఃఖంలో, నిద్ర లేని దిగులులో కళ్లు మూసుకొని కూర్చుంటే భయం పెరుగుతుంటే, కళ్లు తెరిచి నడుచుకుంట కీర్తన చదువు, డాక్టర్‌ను చూడు. మందులు మానేసి ప్రార్థన చేసుడు భక్తి కాదు.

కొన్ని నెలలకు అంత ఎండిపోయినట్టు అనిపిస్తది. అనుభూతి ఉండదు, తీపి ఉండదు. అప్పుడు టైము పెంచకు, తగ్గించకు, రోజూ కూర్చునే అంతసేపే కూర్చో. ఎట్ల సాగుతున్నదో తెలుసుకోవాలంటే కూర్చున్నప్పుడు ఏమనిపించిందో చూడకు, అత్తమ్మతో మాట్లాడే తీరు చూడు. మూడు నెలల తర్వాత కూడ గొంతు అంతే గట్టిగ లేస్తున్నదంటే, కూర్చునే పద్ధతి కాదు, క్షమాపణ చెప్పాల్సిన చోట ఏదో మిగిలింది.

రోజూ కూర్చున్నవా లేదా, ఏమి అడ్డమొచ్చింది, ఇవి రెండే మాటలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. అనుభూతులు రాయకు. క్రిస్మస్‌కు పరకాల వచ్చినప్పుడు ఆ బుక్కు తీసుకురా, ఎక్కడ తెగిపోతున్నదో ఇద్దరం కూర్చొని చూద్దాం. పిల్లలను, అత్తమ్మను అడిగినట్టు చెప్పు.

మీ పెద్దమ్మ